‘చూడు’ అనే మాట గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగు కొత్తగా నేర్చుకునేవారు, పిల్లలకు నేర్పేవారు, అనువాదాలు చేసేవారు ఈ ఒక్క మాట దగ్గర ఎన్నిసార్లు ఆగిపోతారో లెక్కలేదు. పుట్టినప్పటి నుంచీ తెలుగు మాట్లాడేవాళ్ళకు ఆ ఇబ్బంది ఉండదు. కానీ ఎవరైనా అడిగితే జవాబు చెప్పలేక తడబడతాం. నన్ను పదేపదే అడిగిన ప్రశ్నలు, నాకు తోచిన జవాబులు ఇవి.

‘చూడు’ అంటే కళ్ళతో చేసే పనే కదా? దాని గురించి అడగడానికి ఏముంది?

వంటింట్లోంచి "పప్పులో ఉప్పు సరిపోయిందేమో చూడు" అని కేక వినిపిస్తే ఎవరూ గిన్నెలోకి తొంగిచూసి జవాబు చెప్పరు. గరిటెతో రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని, నాలుకకు తగిలించుకుని, ఒక్క క్షణం ఆగి, "ఇంకొంచెం పడాలి" అంటారు. తెలుగు సరిగా రాని ఒక పిల్లవాడు మాత్రం ఒకసారి మా ఇంట్లో నిజంగానే గిన్నె మీదికి వంగి చూసి, "ఉప్పు కనిపించడం లేదు" అన్నాడు. అందరం నవ్వాం. ఆలోచిస్తే వాడి తప్పేమీ లేదు. మాట చెప్పినట్టే చేశాడు.

ఇదొక్కటే కాదు. "ఒళ్ళు వేడిగా ఉందేమో చూడు" అంటే నుదుటి మీద చెయ్యి వేయాలి. "ఈ నూనె వాసన చూడు" అంటే ముక్కు దగ్గర పెట్టుకోవాలి. "మామిడిపండు మగ్గిందేమో చూడు" అంటే బొటనవేలితో మెత్తగా నొక్కాలి. "ఎవరో తలుపు కొడుతున్నట్టుంది చూడు" అంటే ముందు చెవి పని చేస్తుంది, ఆ తర్వాత కాళ్ళు. వైద్యుడు నాడి చూసేటప్పుడైతే కళ్ళు మూసుకున్నా ఫరవాలేదు.

ఈ వాక్యాలన్నింటిలో ‘చూడు’కు ఉన్న అర్థం ‘పూనుకుని తెలుసుకో’ అని. కన్ను అందుకు పనికివచ్చే సాధనాల్లో ఒకటి, అంతే. ఏ సాధనం వాడాలో పక్కనున్న మాట చెబుతుంది. రుచి పక్కన ఉంటే నాలుక, వాసన పక్కన ఉంటే ముక్కు.

రుచిని ‘చూడడం’ ఈమధ్య వచ్చిన వాడుకా?

కాదు. ఉప్పు, కర్పూరం ఒక్కలాగే కనిపిస్తాయని చెప్పే వేమన పద్యం గుర్తుచేసుకోండి. "చూడ చూడ రుచుల జాడ వేరు" అంటాడు అక్కడ. కంటికి రెండూ ఒకటే, ‘చూస్తే’ వేరు. అంటే ఆ ‘చూడ’ నాలుకది. ఇక మేడిపండు పద్యంలో రెండుసార్లు వస్తుంది ఈ మాట. "మేడిపండు చూడ మేలిమై యుండు" అన్నచోట చూడడం పైపైన. "పొట్ట విప్పి చూడ పురుగులుండు" అన్నచోట చూడడం పరీక్షించడం. ఒకే క్రియను పక్కపక్క పాదాల్లో రెండు లోతుల్లో వాడి పద్యం బరువంతా ఆ తేడా మీదే పెట్టాడు. బడిలో ఈ పద్యం బట్టీపట్టిన రోజుల్లో నేను దీన్ని గమనించనే లేదు.

‘నేను చూడలేదు’, ‘నాకు కనిపించలేదు’ రెండూ ఒకటేనా?

అస్సలు కాదు. ఈ ప్రశ్నకు కాస్త తీరిగ్గానే జవాబు చెప్పాలి.

తాళంచెవి పోయిందనుకోండి. ఇల్లంతా వెతుకుతున్నారు. "బల్ల మీద ఉందేమో చూశావా?" అని అడిగారు. "చూడలేదు" అంటే బల్ల దగ్గరికే వెళ్ళలేదని. "చూశాను, కనిపించలేదు" అంటే వెళ్ళాను, వెతికాను, నా ప్రయత్నంలో లోపం లేదు అని. కాసేపటికి తాళంచెవి అదే బల్ల మీద, వార్తాపత్రిక కింద దొరికింది. అప్పుడు మొదటివాడికి చీవాట్లు పడతాయి. రెండోవాడు "పత్రిక కింద ఉంటే ఎలా కనిపిస్తుంది?" అని ఎదురు అడగగలడు.

చూడడం మనం చేసే పని. కనిపించడం మనకు జరిగేది. అందుకే చూసేవాడు వాక్యంలో ‘నేను’ అవుతాడు, కనిపించినప్పుడు ‘నాకు’ అవుతాడు. విను, వినిపించు జంట కూడా ఇంతే. "నువ్వు చెప్పింది నేను వినలేదు" అంటే మొండితనం కావచ్చు, పరధ్యానం కావచ్చు. "వినిపించలేదు" అంటే చెవుల తప్పో, దూరం తప్పో. దారిలో ఎదురుపడిన తెలిసినవారిని పలకరించకుండా వెళ్ళిపోయి, మర్నాడు "అయ్యో, నిన్న మిమ్మల్ని చూడలేదండీ" అంటాం. నిజానికి అక్కడ "మీరు కనిపించలేదండీ" అనకూడదు. అంటే తప్పు వాళ్ళదైపోతుంది!

‘చేసి చూడు’, ‘అడిగి చూడు’ లాంటి మాటల్లో చూడడానికి ఏముంది?

అక్కడ చూసేది ఫలితాన్ని. ‘అడుగు’ అంటే పని చెప్పడం. ‘అడిగి చూడు’ అంటే ఇస్తారో లేదో తెలియదు, అయినా ప్రయత్నించు అని. ‘తిని చూడు’, ‘రాసి చూడు’, ‘ఆలోచించి చూడు’, ఏ క్రియకైనా తగిలించుకోవచ్చు. చివరికి ‘చూసి చూడు’ అని కూడా అనవచ్చు, కాస్త వింతగా ఉన్నా.

ఇది మన ఒక్కరి ముద్ర కాదు. కన్నడంలో ‘మాడి నోడు’, తమిళంలో ‘సెయ్దు పార్’, హిందీలో ‘కర్‌కే దేఖో’, అన్నింటిలోనూ చివర ఉన్నది చూడడమే. జపనీస్ భాషలో ‘తబెతె మిరు’ అంటే అచ్చంగా ‘తిని చూడడం’. కొరియన్‌లోనూ ఇదే పద్ధతి. మనకూ వాళ్ళకూ చుట్టరికం లేకపోయినా, ప్రయత్నం అనే ఊహ చూపు దగ్గరికే వచ్చి చేరింది.

అయితే "ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్న సామెతను ఈ లెక్కలో వేయకండి. అందులో ‘ప్రయత్నించు’ అనే ప్రోత్సాహం లేదు. ‘దిగితే తెలుస్తుంది నీకు’ అనే హెచ్చరిక ఉంది. రూపం ఒకటే, గొంతు వేరు.

ఎవరైనా ‘చూద్దాం’ అంటే ఒప్పుకున్నట్టా, కాదన్నట్టా?

పైకి ఏదీ కాదు. లోపల ఎక్కువసార్లు కాదన్నట్టే. మన భాషలో ముఖం మీద ‘కుదరదు’ అనడం మోటుగా ఉంటుంది కాబట్టి ఆ బరువును ఈ మాట మోస్తుంది. అందులోనూ మెట్లున్నాయి.

"చూస్తాను" అంటే ఆశ పెట్టుకోవచ్చు. బాధ్యత ఆయన నెత్తిన వేసుకున్నాడు. "చూసి చెబుతాను" అంటే ఇంకా నయం, మళ్ళీ మాట్లాడే అవకాశం మిగిలింది. "చూద్దాం" అనేసరికి కర్త ‘మనం’ అయిపోయింది, పని ఎవరిదో తెలియకుండా పోయింది. "చూద్దాం లెండి" అంటే లేచి చెప్పులు వేసుకోవచ్చు. "తర్వాత చూద్దాం" గురించి చెప్పేదేముంది? ఆ ‘తర్వాత’ ఏ క్యాలెండర్‌లోనూ ఉండదు. కార్యాలయాల్లో వినిపించే "పరిశీలిస్తాం" కూడా ఈ కుటుంబంలోదే, కాకపోతే ఇస్త్రీ చేసిన బట్టలు కట్టుకుంది.

గొంతు పెంచి అన్నప్పుడు మాత్రం ఇదే మాట పందెం అవుతుంది. "ఎలా వెళతావో చూద్దాం!" అన్నప్పుడు అందులో వాయిదా లేదు, సవాలు ఉంది. ‘కొను’ అనే సహాయక్రియ చేరి "బయట చూసుకుందాం" అయితే ఇక మధ్యవర్తులు లేవాల్సిందే.

‘నీ సంగతి చూస్తా’ అన్నారు. భయపడాలా?

పడాలి. కానీ "ఆ సంగతి నేను చూస్తాను" అంటే నిశ్చింతగా నిద్రపోవచ్చు. ఒక్క ‘నీ’, ఒక్క ‘ఆ’. మొదటిది బెదిరింపు, రెండోది అభయం.

‘పని’ చేరితే చిక్కు ఇంకా పెరుగుతుంది. "నీ పని చూస్తా" బెదిరింపు. "నీ పని చూసుకో" అంటే జోక్యం వద్దని. "నీ పని చూసిపెడతాను" అంటే సాయం. "పని చూసుకుని వస్తాను" అంటే ముగించుకుని రావడం. "నాకేదైనా పని చూడండి" అంటే ఉద్యోగం వెతికిపెట్టమని. ఈ ఐదింటినీ పక్కపక్కన రాసి, తెలుగు నేర్చుకుంటున్న ఒకాయనకు చూపించాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "ఈ మాట జోలికి వెళ్ళకుండా బతకలేమా?" అన్నాడు. బతకలేరు.

‘అంతు చూడడం’ కూడా ఒకప్పుడు చివరిదాకా వెళ్ళి తెలుసుకోవడమే. సమస్య అంతు చూసేవాడు పండితుడు, మనిషి అంతు చూస్తానన్నవాడు పగవాడు. ‘లోతు చూడడం’లో మాత్రం ఈ పగ అంటుకోలేదు.

‘చూడు’కు, ‘చూసుకో’కు తేడా ఏమిటి?

‘కొను’ చేరగానే పని తన వైపు తిరుగుతుంది. అద్దం చూడడం వేరు, అద్దంలో చూసుకోవడం వేరు. డబ్బు ఇచ్చేటప్పుడు "చూసుకోండి" అంటే లెక్కపెట్టుకోమని. "మెట్లున్నాయి, చూసుకోండి" అంటే జాగ్రత్త. "వీలు చూసుకుని రండి" అంటే మీ తీరికను బట్టి అని.

ఈ రూపానికి అన్నింటికన్నా బరువైన అర్థం సంరక్షణ. "అమ్మను ఎవరు చూసుకుంటున్నారు?" అని అడిగినప్పుడు అందులో వంట ఉంది, మందులు ఉన్నాయి, రాత్రి దగ్గు వినిపిస్తే లేవడం ఉంది. పెద్దవయసులో ఉన్నవారు "మా అబ్బాయి బాగా చూసుకుంటాడు" అని చెప్పేటప్పుడు గొంతులో వచ్చే తృప్తికి వేరే మాట దొరకదు. "బాగా చూస్తాడు" అన్నా అర్థమవుతుంది గానీ అది ఆదరణ దగ్గర ఆగిపోతుంది; ‘చూసుకుంటాడు’లో బాధ్యత కూడా ఉంది. దేవుణ్ణి మాత్రం "చల్లగా చూడాలి" అనే కోరుకుంటాం.

వంకరదారి కూడా ఒకటుంది. "ఆయనను కాస్త చూసుకోండి, ఫైలు కదులుతుంది" అన్నప్పుడు చూసుకోవలసింది ఏమిటో ఎవరూ విడమరచి చెప్పరు.

మరొకటి: "ఎవరిని చూసుకుని నీకింత ధైర్యం?" ఇక్కడ చూసుకోవడం అంటే అండగా భావించడం. వెనక ఎవరో ఉన్నారని అనుమానం వచ్చినప్పుడు అడిగే ప్రశ్న ఇది.

‘దారి చూడు’ అంటే ఏ అర్థం తీసుకోవాలి?

మూడున్నాయి. "దారి చూసి నడువు": కాలి కింద ఏముందో గమనించు. "నీ కోసం దారి చూస్తున్నాను": ఎదురుచూస్తున్నాను. "వేరే దారి చూసుకో": ఇక్కడ నీకు చోటు లేదు. మొదటిది చెప్పేవారు నాన్న, రెండోది అమ్మ, మూడోది యజమాని అనుకుంటే గుర్తుంటుంది.

ఎదురుచూడడంలోని ‘ఎదురు’ కూడా ఆ దారిదే. రావలసిన మనిషి వచ్చే దిక్కుకు ముఖం పెట్టి కూర్చోవడం. ఇప్పుడు ఫోనుకు, పరీక్షా ఫలితాలకు, వానకు కూడా ఎదురుచూస్తున్నాం. వాటికి వచ్చే దిక్కంటూ లేకపోయినా మాట మారలేదు.

‘చూడలేను’ అంటే చూపు లేదనా?

ఆ అర్థంలో వాడేది తక్కువ. చూపు లేకపోతే "కళ్ళు కనిపించవు" అంటారు, తగ్గితే "కళ్ళు ఆనడం లేదు" అంటారు. ‘ఆనడం’ ఎంత చక్కటి మాటో! చూపు వెళ్ళి అక్షరం మీద ఆనాలి, ఆనకపోతే జారిపోతుంది.

‘చూడలేను’ మనసుకు సంబంధించినది. "వాడి బాధ చూడలేను" అంటే జాలి. "పక్కవాడు బాగుపడితే చూడలేడు" అంటే అసూయ. కరుణకూ కుళ్ళుకూ ఒకే క్రియ సరిపోవడం మీకు వింతగా అనిపిస్తే, నాకూ అనిపిస్తుంది. రెండింటిలోనూ కన్ను బాగానే పనిచేస్తోంది, తట్టుకోలేకపోతున్నది లోపలి మనిషి.

దూరంగా ఉన్నవారి మీద బెంగను చెప్పడానికి కూడా ఈ మాటే: "నిన్ను చూడాలని ఉంది." బెంగ, లోటు లాంటి నామవాచకాలు ఎన్ని ఉన్నా ఉత్తరంలో చివరి పంక్తి ఇదే అవుతుంది. ఆస్పత్రిలో ఉన్నవారిని ‘చూడటానికి’ వెళతాం, పుట్టిన బిడ్డను ‘చూసి’ వస్తాం. అక్కడ వెళ్ళడమే ముఖ్యం.

‘నన్ను చూసి నవ్వాడు’ అన్న వాక్యంలో ‘చూసి’ ఎందుకు?

రెండు రకాలుగా చదవవచ్చు. నన్ను చూడగానే పలకరింపుగా నవ్వాడు. లేదా నన్ను ఎగతాళి చేశాడు. రెండో అర్థంలో ‘చూసి’ దాదాపు విభక్తి ప్రత్యయంలా మారిపోయింది. "కుక్కను చూసి భయం" అనేవాడి ఎదుట ఆ క్షణంలో కుక్క ఉండనక్కర్లేదు. "నిన్ను చూసి గర్వపడుతున్నాను" అని ఫోనులో కూడా చెప్పవచ్చు.

‘చూసి’ అంటే ఎంచుకోవడం కూడా. "మంచి కాయలు చూసి తీసుకురా", "మంచిరోజు చూసి మొదలుపెట్టు", "సమయం చూసి దెబ్బకొట్టాడు". ‘బట్టి’ అనే అర్థమూ వస్తుంది: "మీ ముఖం చూసి ఊరుకుంటున్నాను" అంటే మీ మీద గౌరవంతో అని. "ముఖం చూసి బొట్టు పెట్టడం" అంటే మనిషిని బట్టి మర్యాద చేయడం. "పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు" అన్నప్పుడు అనుకరణ. "వాపును చూసి బలుపనుకున్నట్టు" అన్నప్పుడు పొరపాటు. ఇక "చూసి రమ్మంటే కాల్చి వచ్చాడు" అనే సామెతలో ఉన్నది మాత్రం అసలు సిసలు చూడడం. లంకకు వెళ్ళిన హనుమంతుడు చేయవలసింది అదొక్కటే, చేసివచ్చింది మాత్రం చాలా ఎక్కువ.

‘చూస్తూ చూస్తూ’, ‘చూసి చూసి’, ‘చూసీ చూడనట్టు’ కలగాపులగం అవుతున్నాయి. ఎలా గుర్తుపెట్టుకోవాలి?

వాక్యాలుగా గుర్తుపెట్టుకోండి, అర్థాలుగా వద్దు. "చూస్తూ చూస్తూ గోతిలో ఎలా దూకమంటావు?" (తెలిసి తెలిసి). "చూసి చూసి కళ్ళు కాయలు కాశాయి" (విసుగొచ్చేదాకా). "చూస్తుండగానే పిల్లలు పెద్దవాళ్ళయ్యారు" (గమనించేలోపే; ‘చూస్తుండగా’ అంటూనే చూడలేదని ఒప్పుకోవడం ఇందులో తమాషా). "చూసీ చూడనట్టు పోనివ్వండి" (తెలిసినా పట్టించుకోకుండా). "చూడబోతే వాన వచ్చేలా ఉంది" (నా అంచనా).

‘నిన్న వచ్చాడు చూడు’ అన్నప్పుడు ఏం చూడమంటున్నారు?

ఏమీ చూడనక్కర్లేదు. నిన్న వచ్చిన మనిషి ఇప్పుడు అక్కడ లేడు. "నిన్న గళ్ళ చొక్కా వేసుకుని ఒకాయన వచ్చాడు చూడు, ఆయనే మా మేనమామ." ఇక్కడ ‘చూడు’ వినేవాడి జ్ఞాపకాన్ని వేలుపెట్టి చూపిస్తోంది. ‘నిన్న వచ్చినాయన’ అని వ్యాకరణ పుస్తకం చెప్పే పద్ధతి ఉండనే ఉంది. కానీ కబుర్లలో మనం ముందు బొమ్మ గీసి, ‘చూడు’ అని ఆగి, ఆ తర్వాత అసలు సంగతి చెబుతాం. మన వ్యాకరణ పాఠాల్లో దీనికి ఒక పేజీ దక్కాలని నా కోరిక.

మాట మొదట్లో వచ్చే "చూడు బాబూ", "చూడండీ" అయితే ఉత్త పిలుపు. కానీ ఆ పిలుపు విన్న వెంటనే మనం కాస్త సర్దుకుని కూర్చుంటాం. తర్వాత వచ్చేది మందలింపో, హితబోధో అని అనుభవం చెబుతుంది. మాట చివర వచ్చే "చూశారా?" మాత్రం ‘నేను ముందే చెప్పానుగా’ అనే గెలుపు.

‘చూపు’, ‘చూపించు’, ‘చూపించుకో’ ఒకదాని నుంచి ఒకటి పుట్టాయా?

అవును. చూసేలా చేయడం చూపడం, చూపించడం. వేలితో చూపుతాం కాబట్టి అది చూపుడువేలు. ‘వేలెత్తి చూపడం’ అంటే మాత్రం తప్పుపట్టడం. ‘చూపించుకో’లో రెండు మలుపులున్నాయి. "కళ్ళు చూపించుకున్నావా?" అంటే వైద్యుడు నీ కళ్ళను చూసేలా చేసి, ఆ ఫలితం నువ్వు పొందావా అని. ఇంత కథ ఒక్క క్రియలో ఇమిడింది. ‘చుక్కలు చూపించడం’ అంటే నానా తిప్పలు పెట్టడం. చుక్కలు రాత్రి ఎలాగూ కనిపిస్తాయి. పట్టపగలు కనిపించాయంటే ఎంత బాధపడి ఉండాలి!

నామవాచకంగా ‘చూపు’కు ఎన్ని రకాలు?

ఓరచూపు, వాలుచూపు, కోరచూపు, క్రీగంటిచూపు, బిత్తరచూపు, వెర్రిచూపు... లెక్క తేలదు. చిన్నచూపు కంటికి సంబంధించినది కాదు, మర్యాదకు సంబంధించినది. నేలచూపులు ఒకప్పుడు సిగ్గుకో, తప్పుచేసిన మనసుకో గుర్తు. ఇప్పుడు వ్యాపార వార్తల్లో షేర్లు, ధరలు కూడా నేలచూపులు చూస్తున్నాయి. పెళ్ళిచూపులు బహువచనంలోనే వింటాం. ఇటువాళ్ళు, అటువాళ్ళు, మధ్యలో పిల్లా పిల్లాడూ, అన్ని చూపులు కదా. కడచూపు ఏకవచనం. కావ్యభాషలో ‘చూడ్కి’ అనే అందమైన రూపం ఉండేది. వాడుకలో నిలవలేదు.

చూపు తగులుతుంది కూడా. సంస్కృతంలోని దృష్టి మన ఇళ్ళలోకి వచ్చి దిష్టి అయింది. "నరుడి కంటికి నల్లరాళ్ళు కూడా పగులుతాయి" అంటారు.

‘తొలిచూలు’ ఈ జాబితాలోదేనా? కాదు. అది ‘చూలు’, అంటే గర్భం. తొలిచూలు బిడ్డ అంటే మొదటి కాన్పులో పుట్టిన బిడ్డ. తొలిచూపుతో దానికి సంబంధం లేదు, కనీసం వ్యాకరణంలో!

దూరదృష్టి రోగమా, గుణమా?

గుణం. రోగం పేరు దీర్ఘదృష్టి: దూరానివి కనిపిస్తాయి, దగ్గరివి మసక. దానికి ఎదురు హ్రస్వదృష్టి. ‘దూర’, ‘దీర్ఘ’ అర్థంలో దగ్గరివే అయినా ఒకటి సన్మానపత్రంలోకి వెళ్ళింది, ఒకటి కళ్ళజోడు చీటీలోకి వెళ్ళింది. అచ్చతెలుగులో గుణానికి ‘ముందుచూపు’ ఉండగా ఈ గందరగోళం ఎందుకని నేను ఎక్కువగా అదే వాడతాను. నలభై దాటాక వచ్చే చత్వారం పేరులోనే వయసుంది: సంస్కృతంలో నలభైని ‘చత్వారింశత్’ అంటారు.

‘పరీక్ష’, ‘నిరీక్షణ’ లాంటి మాటలకు చూపుతో సంబంధం ఉందా?

ఉంది, ఆ సంబంధం తెలిసిన రోజు నాకు రాత్రి నిద్రపట్టలేదు. సంస్కృతంలో ‘ఈక్ష్’ ధాతువుకు చూచు అని అర్థం. ముందు ఒక ఉపసర్గ చేర్చండి. పరి చేరితే పరీక్ష, నిర్ చేరితే నిరీక్షణ, ఉప చేరితే ఉపేక్ష, అప చేరితే అపేక్ష, సమ్ చేరితే సమీక్ష, ప్ర చేరితే ప్రేక్షకుడు, పరి, అవ రెండూ చేరితే పర్యవేక్షణ.

ఇప్పుడు వీటిని తెలుగు పక్కన పెట్టండి. పరీక్షించడం ‘చేసి చూడడం’. నిరీక్షణ ‘ఎదురుచూపు’. ఉపేక్షించడం ‘చూసీ చూడనట్టు పోనివ్వడం’. పర్యవేక్షణ ‘చూసుకోవడం’. అక్కడ ఉపసర్గ ముందు చేరి చేసిన పనే ఇక్కడ పక్కమాటో, ‘కొను’ లాంటి సహాయక్రియో చేస్తోంది. అంటే ‘చూడు’ ఇన్ని దిక్కులకు పోవడం మన భాష అస్తవ్యస్తం కావడం వల్ల కాదు. చూపు అనే ఊహలోనే తెలుసుకోవడం, కాచుకోవడం, పట్టించుకోవడం ముడిపడి ఉన్నాయి. భాష ఏదైనా ఆ ముడి విప్పేసరికి ఇవే బయటికి వస్తాయి.

అనువాదకులకు ఒక మాట. ‘పర్యవేక్షిస్తున్నారు’ అని రాసే ముందు ‘చూసుకుంటున్నారు’ సరిపోతుందేమో చూడండి. చాలాసార్లు సరిపోతుంది.

‘కను’ అనే పాత క్రియ ఏమైపోయింది?

పోలేదు, దాక్కుంది. కన్ను, కను, తమిళంలో కణ్, కాణ్, కన్నడంలో కణ్ణు, కాణు. ఈ కుటుంబంలో చూడడమనే క్రియకు కన్నుతోనే బంధుత్వం. తెలుగులో ఆ స్థానాన్ని ‘చూచు’ ఆక్రమించుకుంది. అయినా ‘కనీ వినీ ఎరుగని’ అన్నప్పుడు, ‘కనుగొన్నారు’, ‘కనిపెట్టారు’ అన్నప్పుడు, ‘కనిపించింది’ అన్నప్పుడు ఆ పాత చూపే పలుకుతోంది. కల కనడం కూడా కలను చూడడమే. బిడ్డను కనడం దగ్గర ఆ రూపానికి వేరే పని పడింది.

చూశాడు, చూసాడు, చూచాడు: ఏది రాయాలి?

చూశాడు, చూసి. చేశాడు, చేసి, రాశాడు, రాసి, కోశాడు, కోసి ఎలాగో అలాగే. ‘చూసాడు’ కూడా విరివిగా కనిపిస్తుంది, తప్పని కొట్టేయను గానీ నేను రాయను. ‘చూచి’, ‘చూచుచున్నాడు’ గ్రాంథికం. చూడటం, చూడడం రెండూ సరే.

ఉచ్చారణలో ఒక సూక్ష్మం ఉంది. చూడులో చ, చేతిలో చ ఒకటి కాదు. మొదటిది పళ్ళ దగ్గర పలుకుతుంది, రెండోది అంగిలి దగ్గర. పాత అచ్చులో మొదటిదాని మీద చిన్న ‘౨’ గుర్తు పెట్టి ౘ అని వేసేవారు. ఇప్పుడు కంప్యూటర్‌లో ఆ అక్షరం ఉన్నా వాడేవాళ్ళు అరుదు. కొన్ని ప్రాంతాల మాటలో అది ఇంకాస్త మెత్తబడి ‘సూడు’ అవుతుంది.

‘చూచిరాత’ మంచిదా, చెడ్డదా?

చిన్న తరగతిలో మంచిది. పైన ఉన్న వాక్యాన్ని చూస్తూ కింద గీతల్లో గుండ్రంగా దించితే చేతిరాత కుదురుతుంది, పంతులుగారు మెచ్చుకుంటారు. పై తరగతి పరీక్ష హాల్లో అదే పని చేస్తే బయటికి పంపుతారు, మర్నాడు పత్రికలో ‘చూచిరాతలు’ అనే శీర్షిక కింద వార్త వస్తుంది.

నిఘంటువులో ‘చూ.’ అని ఉంటుంది. అదేమిటి?

‘చూడుము’కు పొట్టిరూపం. ఈ మాటకు అర్థం ఇక్కడ లేదు, ఫలానా మాట దగ్గర ఉంది, అక్కడికి వెళ్ళమని. అంతర్జాల విజ్ఞాన సర్వస్వంలో వ్యాసాల చివర కనిపించే ‘ఇవి కూడా చూడండి’ దాని మనవరాలు. అన్నట్టు, పాత నిఘంటువుల్లో మన మాట కోసం వెతికేవారు ‘చూడు’ దగ్గర ఆగిపోకుండా ‘చూచు’ దగ్గరికి వెళ్ళాలి. అర్థాలన్నీ అక్కడే ఉంటాయి.